ఐదుగురి ఇంటికి ఏడాదికి ఎన్ని మూస్‌లు కావాలి?

అలాస్కా పల్లెల్లో వేట మీద ఆధారపడే ఐదుగురి కుటుంబానికి ఏడాదికి ఎంత మాంసం కావాలని మీరు అడిగారు. ఒక్క మూస్ చాలని ఒకరు, పదైనా చాలవని మరొకరు చెప్పారని, నల్లమల చెంచుల తిండితో పోల్చి వ్యాసం రాయడానికి ఈ లెక్క అవసరమని కూడా రాశారు. నేను పదహారేళ్ళుగా అలాస్కాలో పోషకాహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. అందులో తొమ్మిదేళ్ళు కస్కోక్విమ్ నది ఒడ్డున ఉన్న పల్లెల్లోనే గడిచాయి. మీకు చెప్పిన ఇద్దరిలో ఎవరిదీ పూర్తిగా తప్పు కాదు. మొదటివారు ప్రోటీన్ లెక్క చెప్పారు, రెండోవారు కేలరీల లెక్క చెప్పారు. అసలు కొరత వచ్చే కొవ్వు సంగతి మాత్రం ఇద్దరూ వదిలేశారు.

ముందుగా మాట విషయంలో ఒక జాగ్రత్త. మా ఒంగోలు వైపు వేట మాంసం అంటే మేకపోతు మాంసమో పొట్టేలు మాంసమో తప్ప అడవిలో కొట్టి తెచ్చింది కాదు. ఇక్కడ నేను ఆ మాటను అక్షరార్థంలోనే వాడుతున్నాను. మూస్ అనేది దుప్పుల కుటుంబంలో అన్నిటికంటే పెద్ద జంతువు. కారిబూ అంటే మంచు మైదానాల్లో మందలుగా తిరిగే రెయిన్‌డీర్. ఇకపై మాంసం తూకం చెప్పిన ప్రతిచోటా ఎముక తీసిన పచ్చి కండ అని అర్థం చేసుకోండి, ఎందుకంటే మన అంగట్లో కిలో మటన్ అంటే అందులో బొమికల బరువు కూడా కలిసే ఉంటుంది, ఆ అలవాటుతో ఈ అంకెలు చదివితే లెక్క తప్పుతుంది.

బాగా ఎదిగిన మగ మూస్ ప్రాణంతో 725 కిలోల దాకా తూగుతుంది. తల, చర్మం, పేగులు, కాళ్ళ చివరలు తీసేస్తే సుమారు 430 కిలోలు మిగులుతుంది, అందులోంచి ఎముకలు తీసేస్తే చేతికొచ్చే మాంసం దాదాపు 227 కిలోలు. అంటే మూడోవంతు కంటే తక్కువ. కారిబూ ఒక్కొక్కటి సగటున 60 కిలోలు ఇస్తుందని ఇక్కడి సర్వేల్లో లెక్క కడతారు. ఆగ్నేయ తీరంలోని సిట్కా జింక 36 కిలోలు ఇస్తుంది. ఒక మూస్ అంటే నాలుగు కారిబూలకు దగ్గర, ఆరు జింకల పైమాట. ఒక్క జింకను కొట్టి ఏడాదంతా కుటుంబాన్ని పోషించానని వీడియోల్లో చెప్పేవాళ్ళను చూస్తే నాకు నవ్వొస్తుంది. ఐదుగురికి పంచితే అది మనిషికి రోజుకు ఇరవై గ్రాములు, అంటే కూరలో ఒకే ఒక్క ముక్క.

ఇప్పుడు ఒక ఇంటిని తీసుకుందాం. తల్లి, తండ్రి, పద్నాలుగేళ్ళ కొడుకు, తొమ్మిదేళ్ళ కూతురు, ఐదేళ్ళ చిన్నవాడు. చలిలో బయట పనిచేసే ఇల్లు కాబట్టి తండ్రికి రోజుకు 2,800 కేలరీలు, తల్లికి 2,200, పెద్దవాడికి 2,600, పిల్లకు 1,800, చిన్నవాడికి 1,400 వేసుకుంటే మొత్తం 10,800. ప్రోటీన్‌కు బరువును బట్టి సిఫారసు చేసే పరిమాణాలు కూడితే అందరికీ కలిపి రోజుకు 205 గ్రాముల దగ్గర తేలుతుంది. వంద గ్రాముల పచ్చి మూస్ మాంసంలో 22 గ్రాముల ప్రోటీన్, ఒక గ్రాము కూడా నిండని కొవ్వు, 102 కేలరీలు ఉంటాయి. ప్రోటీన్ మొత్తం ఈ మాంసం నుంచే రావాలంటే ఇంటికి రోజుకు 930 గ్రాములు, ఏడాదికి 340 కిలోలు కావాలి. అది ఒకటిన్నర మూస్. రొట్టె, పాలు, గుడ్లు, బీన్స్ కూడా కొంత ప్రోటీన్ ఇస్తాయి గనుక ఒక్క మూస్ చాలన్నవారి మాట ఈ దారిలో చూస్తే ఇంచుమించు నిలబడుతుంది.

అదే ఇల్లు అంగడి గడప తొక్కకుండా కేవలం మూస్ మాంసం మీద కేలరీలన్నీ గడించుకోవాలంటే రోజుకు పదిన్నర కిలోలు, ఏడాదికి 3,860 కిలోలు, అంటే పదిహేడు మూస్‌లు కావాలి. అన్ని మూస్‌లు దొరికినా ఆ తిండి మనిషి తినలేడు. మనిషి కాలేయం, మూత్రపిండాలు ప్రోటీన్‌ను ఒక హద్దు వరకే మోయగలవు. మొత్తం కేలరీల్లో మూడోవంతుకు మించి, మరీ చెప్పాలంటే 35 శాతం దాటి, ప్రోటీన్ నుంచే వస్తూ పోతే వికారం, విరేచనాలు, నీరసం, ఎంత తిన్నా తీరని ఆకలి మొదలవుతాయి. ఉత్తర అమెరికా వేటగాళ్ళు దీన్ని కుందేలు కరువు అనేవారు, కుందేళ్ళు కడుపునిండా దొరుకుతున్నా మనుషులు చిక్కిపోవడం చూసి. 1928లో న్యూయార్క్‌లోని బెల్‌వ్యూ ఆసుపత్రి వైద్యుల పర్యవేక్షణలో ధ్రువ అన్వేషకుడు స్టెఫాన్సన్, ఆయన సహచరుడు ఆండర్సన్ ఏడాది పాటు మాంసం మాత్రమే తినే ప్రయోగానికి ఒప్పుకున్నారు. మొదట్లో కొవ్వు లేని కండ మాత్రమే పెట్టినప్పుడు స్టెఫాన్సన్ రెండు మూడు రోజుల్లోనే జబ్బుపడ్డారు, కొవ్వు కలిపాక కోలుకున్నారు. ఆ తరువాత వాళ్ళ కేలరీల్లో ముప్పాతిక భాగం పైగా కొవ్వు నుంచే వచ్చింది. అంటే వాళ్ళు ఏడాది పాటు నిజంగా బతికింది కొవ్వు మీద, కండ దానికి తోడు మాత్రమే.

మన ఇంటికి దీన్ని అన్వయిస్తే లెక్క ఇలా మారుతుంది. ప్రోటీన్‌ను పావు వంతు కేలరీల దగ్గర ఆపితే రోజుకు మూడు కిలోల మాంసం, ఏడాదికి 1,100 కిలోలు, అంటే ఐదు మూస్‌లు సరిపోతాయి. కానీ దానితో పాటు రోజుకు 870 గ్రాముల కొవ్వు, ఏడాదికి 320 కిలోల కొవ్వు ఎక్కడినుంచో రావాలి. మూస్‌లో అంత కొవ్వు లేదు, ఐదు మూస్‌ల కొవ్వంతా గీరినా రాదు. సముద్రతీరపు ఇళ్ళలో ఆ లోటును సీల్ నూనె, తిమింగలం కొవ్వు తీరుస్తాయి. లోతట్టు నదుల మీద ఒకప్పుడు కొవ్వెక్కిన కింగ్ సాల్మన్ చేప, బీవర్ అనే నీటి జంతువు, శరదృతువులో కొట్టిన ఎలుగుబంటి తీర్చేవి. ఇప్పుడు అంగడిలో కొన్న నూనె, పిండి, బియ్యం, చక్కెర తీరుస్తున్నాయి.

నేను దగ్గరగా చూసిన మొదటి మూస్ గుర్తుకొస్తోంది. సెప్టెంబరు మొదటి వారం, నది ఇసుక మీద నీలం టార్పాలిన్ పరిచి తండ్రీ కొడుకులిద్దరూ తొడలు, జబ్బలు విడదీసి గుడ్డ సంచుల్లో కడుతున్నారు. మన పల్లెల్లో పొట్టేలును కోసేటప్పుడు ఎవరి చూపైనా తొడ మీదా కార్జం మీదా ఉంటుంది. ఆ ఇంటి పెద్దావిడ మాత్రం ఎనామిల్ బేసిన్ పట్టుకుని మూత్రపిండాల చుట్టూ ఉన్న తెల్లటి కొవ్వు దగ్గరే కూర్చుంది. చిటికెన వేలంత ముక్క నేల మీద పడినా తీసి కడిగి బేసిన్‌లో వేసింది. వేటకు ఆ వారాన్నే ఎందుకు ఎంచుకున్నారో అప్పుడు అర్థమైంది. సెప్టెంబరు చివరికి మగ మూస్‌లు ఎదకు వచ్చి మేత మానేస్తాయి, వీపు మీది కొవ్వు కరిగిపోతుంది, మాంసానికి వాసన పడుతుంది. మూస్ అదే, కానీ ఇంటికొచ్చే కేలరీలు తగ్గిపోతాయి. ఆ రాత్రి ఎండు చేపను సీల్ నూనెలో ముంచుకుని తింటుంటే, మనం ముద్దపప్పులో నెయ్యి వేసుకోవడం రుచి కోసమేనా అని నాకు మొదటిసారి అనుమానం కలిగింది.

ఇక నిజంగా ఎంత తింటున్నారన్న విషయానికి వస్తాను. అలాస్కా రాష్ట్ర చేపల, వేట శాఖలో ఇలాంటి జీవనాధార వేటను మాత్రమే అధ్యయనం చేసే విభాగం ఒకటి ఉంది. ఆ విభాగం వాళ్ళు ఇల్లిల్లూ తిరిగి ఎన్ని మూస్‌లు, ఎన్ని చేపలు, ఎన్ని బకెట్ల పండ్లు అని అడిగి తూకంలోకి మారుస్తారు. 2017 నాటి వాళ్ళ లెక్క ప్రకారం గ్రామీణ అలాస్కాలో మనిషికి ఏడాదికి 276 పౌన్లు, అంటే 125 కిలోల అడవి ఆహారం వస్తోంది. పట్టణాల్లో అది 19 పౌన్లు మాత్రమే. పల్లెల సగటును రోజుల మీద పంచితే మనిషికి 340 గ్రాములు. ఉత్తరాన ధ్రువప్రాంతపు తీరంలో సగటు దీనికి బాగా పైన, దక్షిణాన రోడ్డు పక్క ఊళ్ళలో బాగా కింద ఉంటుంది. మన ఐదుగురి ఇంటికి ఈ సగటు వేస్తే 625 కిలోలు. దానితో ప్రోటీన్ అవసరం ఒకటిన్నర రెట్లకు పైగా తీరిపోతుంది, కేలరీలు మాత్రం పావువంతే వస్తాయి. మిగిలిన ముప్పాతిక అంగడి నుంచి వచ్చేదే. వేట మీద బతికే కుటుంబం అనగానే డబ్బుతో పనిలేని కుటుంబాన్ని ఊహించుకోకండి. పడవకు పెట్రోలు, తుపాకీకి తూటాలు, వలకు దారం కొనడానికి ఆ ఇంట్లో ఒకరు ఉద్యోగం చేయాల్సిందే.

పైగా ఆ 625 కిలోల్లో సగానికి పైగా చేపే. మూస్, కారిబూ, జింక, ఎలుగు అన్నీ కలిపితే రాష్ట్రం మొత్తం మీద ఐదోవంతు పైమాట, అంటే సగటున మన ఇంటికి 140 కిలోల దగ్గర. ఒక మూస్‌లో మూడింట రెండు వంతులకు కూడా రాదు. ఇక్కడి మూలవాసుల యూపిక్ భాషలో నెకా అంటే చేప, అదే మాటకు తిండి అనే అర్థం కూడా ఉంది. మనం అన్నం తిన్నావా అని అడిగితే భోజనం చేశావా అని అడిగినట్టే కదా, ఇది కూడా అంతే. మీ వ్యాసంలో వేట గురించే రాసి చేపను వదిలేస్తే, తెలుగువాళ్ళ భోజనం గురించి రాస్తూ వరిని వదిలేసినట్టవుతుంది.

చేప సంగతి ఇప్పుడు మరీ ముఖ్యం. 2020 తరువాత యూకాన్ నదిలో సాల్మన్ రాక కుప్పకూలింది, 2021లో తిండి కోసం పట్టుకోవడం కూడా ఆపేశారు, 2024లో అమెరికా, కెనడా కలిసి యూకాన్ కింగ్ సాల్మన్ వేటను ఏడేళ్ళ పాటు నిలిపివేయడానికి ఒప్పుకున్నాయి. చేప పోతే మూస్ తింటారులే అని అధికారులు కొందరు తేలిగ్గా అనడం విన్నాను. వంద గ్రాముల పచ్చి కింగ్ సాల్మన్‌లో 179 కేలరీలు, పది గ్రాముల పైన కొవ్వు ఉంటుంది. ఒక ఇంటికి ఆ చేప వంద కిలోలు తగ్గితే, అవే కేలరీలు తేవడానికి 175 కిలోల మూస్ కావాలి, అంటే ఒక మూస్‌లో ముప్పాతిక. అప్పుడైనా పోయిన పది కిలోల కొవ్వు తిరిగి రాదు. కిలోకు కిలో అని కాగితం మీద రాసుకున్న లెక్క వంటింట్లో పనికిరాదు. కింగ్ కంటే చిన్నదైన చమ్ అనే సాల్మన్ రకంలో వంద గ్రాములకు 120 కేలరీలే, అందుకే కింగ్ బదులు చమ్ ఇస్తే ముసలివాళ్ళు చేప సన్నగా ఉందని గొణుక్కుంటారు.

కారిబూ పరిస్థితీ అలాగే ఉంది. వాయవ్యాన పశ్చిమ ధ్రువ మంద 2003లో 4,90,000 ఉండేది, 2023 నాటికి 1,52,000కు పడిపోయింది.

ఇక్కడ చట్టం గురించి రెండు మాటలు చెప్పాలి. ఎంత కావాలన్న మీ ప్రశ్నను చట్టం కూడా అడుగుతుంది, కానీ కుటుంబాన్ని పట్టుకుని అడగదు. జీవనాధారానికి సహేతుకంగా అవసరమైన పరిమాణం ఎంతో ప్రతి మందకూ ప్రతి ప్రాంతానికీ నిర్ణయించమని రాష్ట్ర చట్టం వేట బోర్డుకు చెబుతుంది. వాయవ్యపు రెండు కారిబూ మందలకు కలిపి బోర్డు 8,000 నుంచి 12,000 జంతువులని పెట్టింది. కేంద్ర భూముల మీద 1980 నాటి చట్టం గ్రామీణ నివాసులకు మొదటి హక్కు ఇస్తుంది, అది జాతిని బట్టి కాదు, నివాసాన్ని బట్టి. రాష్ట్ర భూముల మీద అలాంటి గ్రామీణ ప్రాధాన్యం చెల్లదని అలాస్కా సుప్రీంకోర్టు 1989లో తీర్పు చెప్పడంతో అప్పటినుంచి ఒకే నది ఒడ్డున రెండు రకాల నిబంధనలు నడుస్తున్నాయి. మూస్ విషయంలో చాలాచోట్ల వేటగాడికి ఏడాదికి ఒకటే. మెడ, పక్కటెముకలు, వెన్ను వెంబడి కండతో సహా తినదగిన మాంసమంతా తేవాల్సిందే. కొమ్ములు మాంసం కంటే ముందు అడవి దాటకూడదు.

వేటగాడికి ఒకటే అయితే ముసలివాళ్ళు, భర్త పోయిన ఆడవాళ్ళు, ఉద్యోగం వదలి వెళ్ళలేని ఉపాధ్యాయులు ఏం తింటారు అని మీకు సందేహం రావాలి. 65 ఏళ్ళు దాటినవారి తరఫున, చూపు లేనివారి తరఫున మరొకరు వేటాడే అనుమతి ఉంది. కాగితం సంగతి అటుంచితే, ఊరి నడక దానికంటే పాతది. రాబర్ట్ వుల్ఫ్ అనే పరిశోధకుడు 1980లలో గమనించిన విషయం ఆ తరువాత ఎన్నో ఊళ్ళలో నిజమని తేలింది: ఊరికి వచ్చే అడవి ఆహారంలో 70 శాతాన్ని దాదాపు 30 శాతం ఇళ్ళే తెస్తాయి. వంద ఇళ్ళ ఊరు, ఇంటికి ఐదుగురు అనుకుని సగటు వేసి చూడండి. ఊరికి మొత్తం 62,500 కిలోలు వస్తే, ముప్పై ఇళ్ళు ఒక్కొక్కటి 1,450 కిలోలకు పైగా తెచ్చినట్టు, మిగతా డెబ్బై ఇళ్ళు 270 కిలోల లోపు తెచ్చినట్టు. ఆ ముప్పై ఇళ్ళలో ఎదిగిన కొడుకులు, మంచి పడవ, పనిచేసే ఇంజను ఉంటాయి. వాళ్ళు తెచ్చింది వాళ్ళ పొయ్యి మీదే ఉడకదు. మన ఊళ్ళలో పొట్టేలును కోసి పోగులు వేసినట్టే అక్కడా వాటాలు కదులుతాయి, తేడా ఒక్కటే, మన పోగుకు డబ్బు కడతాం, అక్కడ కట్టరు.

కాబట్టి ఒక ఇంట్లోకి వెళ్ళి ఏడాదికి ఎన్ని మూస్‌లు కొట్టారని అడిగితే వచ్చే జవాబుకూ, ఆ ఇంట్లో తిన్న మాంసానికీ సంబంధం ఉండకపోవచ్చు. నా మొదటి ఏడాదిలో నేను ఈ తప్పే చేశాను. ఒక ఇంట్లో మూడు మూస్‌లు రాసుకుని వీళ్ళకు ఎక్కువ అనుకున్నాను, పక్కింట్లో సున్నా రాసుకుని లోటు అనుకున్నాను. ఫిబ్రవరిలో రెండిళ్ళ డీప్ ఫ్రీజర్లూ చూస్తే సున్నా రాసిన ఇంట్లోనే పక్కటెముకలు ఎక్కువ ఉన్నాయి. ఒక మూస్‌కు పదిహేను ఘనపుటడుగుల ఫ్రీజర్ నిండిపోతుంది, మూడింటిని ఒక ఇల్లు దాచుకోవాలనుకున్నా దాచుకోలేదు. కరెంటు నాలుగు రోజులు పోయిన ఒక శీతాకాలంలో అంతా బయటి మంచులోకి మోసి బతికించుకున్నాం. అదే ఆగస్టులో అయి ఉంటే ఊరంతా ఒకేసారి వరుగులు పెట్టుకోవాల్సి వచ్చేది.

మనిషి ఒళ్ళు వంచే పనిని బట్టి కూడా అంకె మారుతుంది. 1805 జులై 13న, అమెరికా ఖండాన్ని దాటి పశ్చిమ తీరానికి దారి వెతికిన లూయిస్, క్లార్క్ బృందం నాయకుడు లూయిస్ తన దినచర్యలో, ముప్పైమందికి కాస్త పైగా ఉన్న తమకు కడుపునిండా గడవాలంటే రోజుకు నాలుగు జింకలో, ఒక ఎల్క్, ఒక జింకో, లేదా ఒక అడవిదున్నో కావాలని రాసుకున్నాడు. మనిషికి రోజుకు నాలుగు కిలోల పచ్చి మాంసం అనే అంకె ఆ బృందం గురించి తరచుగా వినిపిస్తుంది. వాళ్ళు పిండి, గింజలు దాదాపు లేకుండా, కొవ్వు తక్కువ మాంసంతో, ఎదురు ప్రవాహంలో పడవలు లాగిన మనుషులు. ఆ అంకెను తెచ్చి కుటుంబానికి వేయడం వల్లే పది మూస్‌లైనా చాలవన్న మాట పుట్టి ఉంటుందని నా ఊహ.

మీ పోలికకు చివరిగా కొంత సాయం. నల్లమలలో ఇలాంటి తూకం పట్టిక మీకు దొరకదు, దొరికే వీలు లేదు. 1972 వన్యప్రాణి చట్టం వేటను నిషేధించింది. 2006 అటవీ హక్కుల చట్టం సంప్రదాయ హక్కులెన్నో గుర్తించి వేటను మాత్రం పేరు పెట్టి మినహాయించింది. దేశంలో వేట హక్కును ఆ 1972 చట్టమే ప్రత్యేకంగా కాపాడింది నికోబార్ దీవుల షెడ్యూల్డు తెగలకు. ఇక 1940ల నాటికే చెంచుల కడుపు నింపింది ప్రధానంగా అడవి దుంపలు, పండ్లు. వేట దొరికిన రోజు పండుగ. ఉష్ణమండలపు అడవి అంతకంటే ఎక్కువ ఇవ్వలేదు కూడా. చదరపు కిలోమీటరుకు ఒక్క మనిషికి మించి అడవి మాంసం మీదే బతకలేరని రాబిన్సన్, బెన్నెట్ అనే పరిశోధకులు ఉష్ణమండల అడవుల గురించి వేసిన అంచనా. కనుక అలాస్కా మూస్‌కు ఎదురుగా నల్లమల దుప్పిని పెట్టకండి. అక్కడ సీల్ నూనె, సాల్మన్ చేసే పనిని ఇక్కడ దుంప, తేనె చేశాయి. ఆ రెండిటినీ ఎదురెదురుగా పెట్టి చూడండి.

గూడేలకు వెళ్ళినప్పుడు నిన్న ఏం తిన్నారని అడిగే ప్రశ్నపత్రం పట్టుకెళ్ళకండి, ఒక్క రోజు తిండి ఏడాదిని చెప్పదు. ఏ నెలలో ఏ దుంప తవ్వారు, తేనె ఎన్ని పట్టుల నుంచి వచ్చింది, అందులో ఎంత అమ్మారు, ఎవరింటికి ఎంత పంపారు అని ఏడాది పొడవునా అడగండి. అలాస్కా వైపు ఇంటికి 625 కిలోలు అని రాసుకుని, దాని పక్కనే చేప, కండ, కొవ్వు అని మూడు గళ్ళు గీసుకోండి. కొవ్వు గడి నింపకుండా మిగతా రెండూ నింపిన పట్టికను నేనైతే వెనక్కి పంపేస్తాను.